రాజీనామా కాగితం మీద తేదీ లేదు

ప్రశ్న: మాకు పెళ్లయి పన్నెండేళ్లయింది. ఇద్దరు ఆడపిల్లలు. అత్తగారు మంచం పట్టి రెండేళ్లవుతోంది. మా వారు ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్. ఆదివారం సాయంత్రాలు ఆస్పత్రిలో రోగుల కోసం ప్రార్థన చేసి వస్తారు. మొన్నటి ఉపవాస కూడికల నుంచి, తనకు పిలుపు వచ్చిందని, ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్తానని అంటున్నారు. ఒకరోజు ఆయన బైబిల్లో కీర్తనల మధ్య మడతపెట్టిన రాజీనామా కాగితం చూశాను. సంతకం ఉంది, తేదీ లేదు. వద్దంటే దేవుడికి అడ్డుపడినట్టేనని సంఘంలో ఒక పెద్దావిడ అన్నారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి

జవాబు: సోదరీ, ముందు ఆ పెద్దావిడ మాటను మనసులోంచి తీసేయండి. పిల్లల చదువుల గురించి, అత్తగారి మందుల గురించి మీరు పడే బెంగ అవిశ్వాసం కాదు. తన ఇంటివారిని చూసుకోనివాడు విశ్వాసాన్ని వదులుకున్నవాడేనని పౌలు తిమోతికి రాశాడు. తల్లిదండ్రులకు చెందవలసినది దేవుడికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవారిని యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. మీరిద్దరూ కలిసి ఆ అధ్యాయం చదవండి.

అలాగని మీ వారి పిలుపును తేలిగ్గా తీసేయలేను. అది నిజమైనదే కావచ్చు. నన్ను ఆపింది ఆ ఖాళీ తేదీ. సంతకం పెట్టగలిగిన మనిషి తేదీ వేయలేకపోయారంటే ఆయన మనసూ ఎక్కడో తటపటాయిస్తోంది. బహుశా మీతో ఎలా మొదలుపెట్టాలో తెలియక దాచుకున్నారేమో. కాగితం చూశానని చెప్పండి. నిలదీయకుండా, "తేదీ ఎందుకు వేయలేదండీ?" అని అడిగి, ఆయన చెప్పేదంతా వినండి.

సేవ చేయాలంటే ఉద్యోగం మానాల్సిందేనా? పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుడుతూనే సువార్త చెప్పాడు. మన సంఘాల్లో మాత్రం వేదిక మీద నిలబడేవారినే సేవకులంటాం. ఆదివారం బడి నడిపే గుమాస్తాను, రోగి తల దగ్గర కూర్చునే టీచరమ్మను ఆ లెక్కలో వేయం. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

ఉన్నది వదిలి సేవకు వెళ్లినవారి మాట వస్తే దోర్నకల్ బిషప్ అజరయ్య గారు గుర్తొస్తారు. ఆయన వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో కార్యదర్శి పని వదిలి 1909లో దోర్నకల్ వచ్చిన మాట నిజమే. అయితే తిరునల్వేలి క్రైస్తవులతో కలిసి 1903లోనే ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆయన బయలుదేరేనాటికి వెనుక పంపేవారున్నారు, ముందు చేయవలసిన పని ఉంది. కళాశాల చదువు చదివిన భార్య అన్బు మరియమ్మాళ్ ఆ పనిలో ఆయనకు తోడుగా నిలిచారు. మీ వారి వెనుక ఎవరున్నారు? వెళ్లేది ఏ ఊరికి? సంఘం నెలనెలా ఎంత ఇస్తుంది? పాస్టరు గారి దగ్గర, పెద్దల దగ్గర ఇద్దరూ కలిసి కూర్చుని ఇవన్నీ అడగండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది యేసే.

ఒక ఏడాది గడువు అడగండి. అందాకా ఉద్యోగంలో ఉంటూనే ఆయన సాయంత్రాలు, సెలవులు పరిచర్యకు ఇవ్వవచ్చు. మీ బంగారం గానీ, పిల్లల పేరిట దాచినది గానీ ముట్టుకోవద్దు. రాజీనామాకూ స్వచ్ఛంద పదవీ విరమణకూ చాలా తేడా ఉంటుంది, పెన్షన్, గ్రాట్యుటీ సంగతి కార్యాలయంలో ముందే కనుక్కోమనండి. ఏడాది తర్వాత కూడా మీ మనసు ఒప్పుకోకపోతే ఆ మాటే చెప్పండి. భయంతో తల ఊపవద్దు.

ఈ ఆదివారం అత్తగారి దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి, ఆస్పత్రికి మిమ్మల్నీ తీసుకెళ్లమనండి. ఆయన ఎవరి మంచం దగ్గర ఆగుతారో, వాళ్లతో ఏం మాట్లాడతారో మీరూ చూడాలి కదా.