'మాట మార్చాడు' అని రాసే ముందు

తమ్ముడికి,

ఒబామా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "స్వలింగ వివాహాలపై ఒబామా మాట మార్చాడు" అని మొదటి వాక్యంలోనే తీర్పు చెప్పేశావు. మార్చిన మాట నిజమే. ఏ ప్రశ్న మీద, ఎన్నిసార్లు, ఎవరి ఎదుట మార్చారన్నది మాత్రం ఎక్కడా లేదు. పైగా వ్యాసమంతా 'ఆయన' అంటూ ఆ ఒక్క చోట 'మార్చాడు' అన్నావు. మన భాషలో క్రియ చివరి అక్షరం కూడా సాక్ష్యం చెబుతుంది. ముందు అది దిద్దు.

నువ్వు కథను 2012 మేలో, ఒబామా స్వలింగ వివాహాలకు అవునన్న దగ్గర మొదలుపెట్టావు. అసలు మొదలు 1996. ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేస్తూ షికాగో పత్రిక 'అవుట్‌లైన్స్' ప్రశ్నావళికి టైపు చేసి, సంతకం పెట్టి ఇచ్చిన జవాబులో స్వలింగ వివాహాలను చట్టబద్ధం చేయాలన్నారు, నిషేధించే ప్రయత్నాలపై పోరాడతానన్నారు. 1998లో అదే పత్రికకు 'తేల్చుకోలేదు' అని ఇచ్చారు. 2004లో అమెరికా సెనేట్ పోటీ నాటికి సివిల్ యూనియన్లకు (పెళ్లి అన్న పేరు లేకుండా జంటకు హక్కులిచ్చే ఏర్పాటు) సరే, పెళ్లికి కాదు. 2008 ఆగస్టులో సాడిల్‌బ్యాక్ చర్చిలో పాస్టర్ రిక్ వారెన్ అడిగితే, పెళ్లంటే స్త్రీపురుషుల కలయిక అన్నారు. అంటే 2012లో చేరింది కొత్త చోటికి కాదు, పదహారేళ్ల కిందట వదిలిన చోటికే. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే.

ఒక కాగితం మీద అయిదు గళ్లు గియ్యి: తేదీ, చోటు, వింటున్నవాళ్లు, అన్న మాట, చేసిన పని. చివరి గడి అందరూ ఖాళీగా వదిలేస్తారు, అసలు సంగతి అక్కడే దొరుకుతుంది. పెళ్లి స్త్రీపురుషులదే అన్న 2008లోనే, ఆ మాటనే కాలిఫోర్నియా రాజ్యాంగంలో రాయాలన్న ప్రపోజిషన్ 8ని ఆయన వ్యతిరేకించారు. 2010 అక్టోబరులో 'నా ఆలోచన కూడా మారుతూ ఉంది' అన్న ధోరణిలో మాట్లాడారు. ఇంకా అవునని నోరు తెరవకముందే, 2011 ఫిబ్రవరి 23న, ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం దృష్టిలో పెళ్లంటే స్త్రీపురుషులదే అన్న డోమా చట్టం సెక్షన్ 3ని కోర్టులో సమర్థించబోమని ఆయన ప్రభుత్వం ప్రకటించింది. మాట కంటే చేత ముందు నడిచింది.

ఆ సెక్షన్ బరువు తెలియాలంటే 'సివిల్ యూనియన్' తెలియాలి. నువ్వు దాన్ని 'పౌర వివాహం' అన్నావు. పాఠకుడికి వెంటనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, దండలు, సాక్షి సంతకాలు గుర్తొస్తాయి. అది పెళ్లే. సివిల్ యూనియన్ వేరు: 2000లో వెర్మాంట్ తెచ్చినప్పుడు రాష్ట్రం ఇచ్చే హక్కులన్నీ ఇచ్చి, పెళ్లి అన్న పేరు మాత్రం ఇవ్వలేదు. ఆ మాటను అలాగే ఉంచి ఒక్క వాక్యంలో వివరించు. ఫెడరల్ హక్కుల సంగతి మరోటి. 1996లో క్లింటన్ సంతకం చేసిన డోమా వల్ల, మసాచుసెట్స్‌లో చట్టప్రకారం పెళ్లాడిన జంటకు కూడా ఉమ్మడి ఫెడరల్ టాక్స్ రిటర్ను గానీ, జీవిత భాగస్వామికి గ్రీన్‌కార్డు గానీ లేవు. 2013 జూన్‌లో సుప్రీం కోర్టు ఆ సెక్షన్ కొట్టేసేదాకా అంతే. అమెరికాలో అల్లుడో కోడలో ఉన్న మన ఇళ్లలో గ్రీన్‌కార్డు అంటే విడమర్చక్కర్లేదు, ఆ ఉదాహరణే వాడు.

2012 మేలో మూడు తేదీలను విడివిడిగా రాయి. 6న ఉపాధ్యక్షుడు బైడెన్ టీవీలో తన మద్దతు బయటపెట్టారు. 8న నార్త్ కరోలినా ఓటర్లు దాదాపు 61 శాతం మంది స్వలింగ వివాహాల్ని నిషేధించే రాష్ట్ర రాజ్యాంగ సవరణకు ఓటేశారు. 9న ఏబీసీ టీవీలో యాంకర్ రాబిన్ రాబర్ట్స్‌కు ఒబామా అవునన్నారు. 'గాలివాటం' అని రాశావే, దానికి ఆధారంగా గ్యాలప్ సంస్థ ప్రజాభిప్రాయ సర్వేలు చూపొచ్చు: 1996లో 27 శాతం మద్దతు, 2011లో 53. కానీ 8వ తేదీ ఓట్లను కూడా దాని పక్కనే చూపకుండా ఆ మాట వాడితే మోసం. ఇంకోటి, ఆ రోజు కూడా నిర్ణయం రాష్ట్రాలదే అన్నారు. రాజ్యాంగమే యాభై రాష్ట్రాల్లో ఈ హక్కు ఇస్తోందని తన నమ్మకంగా చెప్పింది 2014 అక్టోబరులో. ఈ చివరి మెట్టు చాలామంది రాయరు.

ఉద్దేశం జోలికి వెళ్తే ఇద్దరి మాటా పెట్టు. నల్లజాతి చర్చిల్లో వ్యతిరేకత ఎక్కువని ఒబామా తన మద్దతును బయటపెట్టకుండా ఉన్నారని సలహాదారు ఆక్సెల్‌రాడ్ 2015 నాటి పుస్తకంలో రాశారు. తన సొంత భావాలనూ విధానాన్నీ ఆక్సెల్‌రాడ్ కలిపేశారని ఒబామా జవాబిచ్చారు. అధికార ప్రతినిధుల మాటనైతే అసలు నమ్మకు: 1996 ప్రశ్నావళి వేరెవరో నింపారని 2011లో వైట్‌హౌస్ కమ్యూనికేషన్స్ డైరెక్టరే అన్నారు, తర్వాత వైట్‌హౌస్ దిద్దుకుంది. కాగితం మీద సంతకం ఉంది మరి.

మన దేశపు సంగతి చివర్లో అతికించావు. ఉంచాలనుకుంటే రెండు వాక్యాలు చాలు: 2023 అక్టోబరు 17న సుప్రీం కోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు నిరాకరించింది, సివిల్ యూనియన్ హక్కు మీద కూడా 3-2తో కాదంది. పిటిషనర్లలో హైదరాబాద్ జంట ఉందన్నది మాత్రం వదలకు. 2018 నాటి 377 తీర్పుతో దీన్ని కలపకు, అది స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పిన తీర్పు, పెళ్లి గురించి కాదు.

గళ్ల కాగితం నింపాక ముందు అది పంపు, వ్యాసం తర్వాత చూస్తాను.