ట్యూన్ చేసిన టర్బో కారులో సెన్సర్ 'లీన్' అని చూపితే ఇంధనం తక్కువైనట్టేనా?

అలా వెంటనే నిర్ధారించకూడదు. ఆక్సిజన్ సెన్సర్ పెట్రోలును నేరుగా కొలవదు. ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి గాలి-పెట్రోలు మిశ్రమాన్ని అంచనా వేస్తుంది. గాలి పాలు ఎక్కువైతే లీన్ అని, పెట్రోలు పాలు ఎక్కువైతే రిచ్ అని అంటారు. అందువల్ల సెన్సర్‌కు ముందున్న డౌన్‌పైపు (టర్బో నుంచి ఎగ్జాస్ట్‌ను తీసుకెళ్లే గొట్టం) గ్యాస్కెట్ దగ్గర సన్నని లీకు ఉండి బయటి గాలి లోపలికి చేరినా, ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ జరిగి, మిశ్రమం మండక ఆక్సిజన్ అలాగే బయటికి వచ్చినా, అది లీన్ అనే చూపుతుంది. దాన్ని నమ్మి ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఇంధనాన్ని పెంచడంతో మిశ్రమం నిజంగానే రిచ్ అవుతుంది.

పలు కార్లలో కంపెనీ అమర్చే నారోబ్యాండ్ సెన్సర్ మిశ్రమం 14.7:1 గాలి-పెట్రోలు నిష్పత్తికి అటో ఇటో మాత్రమే చెప్పగలదు. ఫుల్ బూస్ట్‌లో (టర్బో గాలిని పూర్తి ఒత్తిడితో నెట్టేటప్పుడు) పెట్రోలు ఇంజిన్‌కు సుమారు 11.5 నుంచి 12.5 వరకు నిష్పత్తి కావాలి కాబట్టి, నిష్పత్తిని విస్తృత పరిధిలో కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ లేకుండా ట్యూన్ చేయడం ఇంజిన్‌ను ప్రమాదంలోకి నెట్టడమేనని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే శాతం) చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గితే ఇన్‌టేక్ వైపు గాలి లీకును అనుమానించాలి. లోడ్‌తో పాటు పెరిగితే పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లను పరీక్షించాలి. బూస్ట్ ఆధారంగా పనిచేసే ఇంధన పీడన రెగ్యులేటర్ ఉన్న కారులో బూస్ట్ 1 బార్ పెరిగితే ఇంధన పీడనం కూడా 1 బార్ పెరగాలి. పెరగకపోతే లోపం నిజమైనదే. అటువంటప్పుడు మ్యాప్‌లో (ఈసీయూలోని ఇంధన పట్టికలో) ఇంధనం పెంచి సర్దుబాటు చేయవద్దు, నాకింగ్‌తో (మిశ్రమం అదుపు తప్పి పేలడంతో) పిస్టన్లు దెబ్బతినకముందే లోపమున్న భాగాన్ని మార్చండి.