డిసెంబరు ఆదివారానికి అడిగితే హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) ఇవ్వలేదన్న విజయనగరం మిత్రులకు

ఫారంలో హ్యాండీక్యాప్ (మీ ఆట స్థాయిని చెప్పే అధికారిక అంకె) గడి ఖాళీగా వదిలేశామన్నారు కదండీ, చిక్కు అక్కడే అయ్యుంటుంది. బయటివాళ్లను, అందులోనూ డిసెంబరు ఆదివారం, చాలా క్లబ్బులు అది చూడందే రానివ్వవు.

మీ నలుగురికీ దగ్గరిది విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. హ్యాండీక్యాప్ కోసం అక్కడే మొదలుపెట్టండి.

1. మొత్తం 54 హోల్స్ స్కోరు కావాలి. 18 హోల్స్ రౌండ్లు మూడైనా, 9 హోల్స్ రౌండ్లు ఆరైనా సరే.

2. ఎక్కువమంది మర్చిపోయేది ఇది: ప్రతి స్కోరు కార్డు మీదా మార్కర్, అంటే మీతో ఆడుతూ మీ స్కోరు రాసినవారి సంతకం ఉండాలి. ఒంటరిగా ఆడి రాసుకున్న అంకెలు పనికిరావు. ఆట ముగిసిన రోజే, అక్కడే సంతకం పెట్టించి కార్డు ఇచ్చేయండి. మధ్యలో బంతి ఎత్తేసిన హోల్‌నూ ఖాళీగా వదలొద్దు. మొదటి హ్యాండీక్యాప్ వచ్చేదాకా ఏ హోల్‌కైనా పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల లెక్క) మీద 5 దెబ్బలే గరిష్ఠం, అంటే పార్ 4లో 9.

3. దెబ్బలు ఎక్కువై స్కోరు పెరిగిందని కార్డు దాచుకోకండి, దయచేసి. హ్యాండీక్యాప్ 54 దాకా ఇస్తారు. మూడు 18 హోల్స్ కార్డుల్లో మెరుగైనదాన్నే లెక్కకు తీసుకుని, వచ్చిన అంకెలోంచి ఇంకో 2 తగ్గిస్తారు.

4. ఈ రౌండ్లు అక్టోబరుకు పెట్టుకోవద్దు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే మన తీరాన్ని తాకాయి. సెప్టెంబరులోపే, వాన తెరిపిచ్చిన ఉదయాల్లో ముగించండి.

5. హ్యాండీక్యాప్ సర్టిఫికెట్ చేతికొచ్చాక హైదరాబాద్ క్లబ్‌కు మళ్లీ రాయండి. ఆదివారం బదులు మంగళ, బుధవారాలు అడగండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి టీ టైమ్ ఖాయమయ్యాకే టికెట్లు తీసుకోండి.