పేగుపూత పరిశోధనలోకి అడుగుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

మల్లేశ్వరం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. ఐబీడీ (పేగులు ఏళ్ల తరబడి వాచి పుండ్లు పడే జబ్బులు: క్రోన్స్, పెద్దపేగుకు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్) మీద పీహెచ్‌డీకి నీకు బెంగళూరులోనే సీటు వచ్చిందని, మొదటి ఏడాది దేని మీద దృష్టి పెట్టాలో నన్ను అడగమన్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ఈ పేగుల చుట్టూనే తిరిగినదాన్ని కనుక, ఫోనులో తెమిలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

ల్యాబులో చేరగానే నీకు చిట్టెలుకల పని అప్పగిస్తారు. అవి తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం కలిపితే వారం రోజుల్లో పెద్దపేగు పూస్తుంది, మలంలో రక్తం పడుతుంది, బరువు తగ్గుతుంది. ఆ పద్ధతిని శ్రద్ధగా నేర్చుకో. అయితే అది పేగు లోపలి పొరను రసాయనంతో గాయపరచి తెప్పించిన వాపే తప్ప, ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ మనిషిని పీడించే జబ్బు కాదు. క్రోన్స్ రోగుల పేగుల్లో ఐఎల్-17 అనే ప్రోటీను ఎక్కువగా కనిపిస్తుంది కనుక దానిని అడ్డుకుంటే మేలు జరుగుతుందని ఆశించాం. ఆ పని చేసే సెకుకినుమాబ్ అనే మందు మీద 2012లో వెలువడిన ట్రయల్ ఫలితాల్లో మేలు లేకపోగా కొందరికి జబ్బు ముదిరింది. పేగు గోడను కాపాడడంలో ఆ ప్రోటీనుకే పాత్ర ఉందన్న సంగతికి అప్పుడు గాని తగిన విలువ దక్కలేదు.

అందుకని వారానికి ఒక్క పూటైనా ఆసుపత్రి గ్యాస్ట్రో ఓపీలో, వీలైతే కొలనోస్కోపీ గదిలో గడుపు. మన ప్రాంతపు అసలు ప్రశ్న అక్కడే ఎదురవుతుంది. 1932లో న్యూయార్క్‌లో క్రోన్, ఆయన సహచరులు వర్ణించిన జబ్బు చిన్నపేగు చివరి భాగానిది. మన దగ్గర టీబీ పట్టుకునేదీ తరచుగా ఆ చోటునే. రెండింటిలోనూ పుండ్లు పడతాయి, పేగు సన్నబడుతుంది, బయాప్సీకి తీసిన ముక్కలో గ్రాన్యులోమాలు (కణాలు గుంపుకట్టిన చిన్న గడ్డలు) కనిపిస్తాయి. తేల్చుకోలేనప్పుడు వైద్యులు ముందు టీబీ మందులే వాడి, రెండు మూడు నెలల తరువాత మళ్లీ లోపల చూస్తారు. పొరపాటు రెండో వైపు జరిగితే, అంటే టీబీని క్రోన్స్ అనుకుంటే, ఇంకా ప్రమాదం: క్రోన్స్‌కు వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందుకు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది, అది నిద్రాణంగా ఉన్న టీబీని లేపుతుందని 2001లో అక్కడి వైద్యులే హెచ్చరించారు. ఆ 2001లోనే క్రోన్స్‌తో ముడిపడిన మొదటి జన్యువుగా నాడ్-2 బయటపడింది, కాని యూరప్ రోగుల్లో కనిపించిన దాని మార్పులు మన రోగుల్లో చాలా అరుదు. కనుక అక్కడి జన్యువుల పట్టికను ఇక్కడి రోగికి అతికించి థీసిస్ రాయవద్దు. ఈ రెండు జబ్బులనూ విడదీసే గుర్తును రక్తంలోనో కణజాలంలోనో వెతకడం బెంగళూరులో కూర్చున్న నీకు తగిన పని అని నా అభిప్రాయం. మీ గైడ్‌కు నచ్చకపోవచ్చు, నెమ్మదిగా ఒప్పించు.

నా తప్పు ఒకటి చెబుతాను. తొలినాళ్లలో రెండేళ్లపాటు బయాప్సీలు సేకరించి, ఎవరెవరు అప్పటికే స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు వాడుతున్నారో సరిగా రాసుకోలేదు. రెండు జబ్బుల రోగుల గుంపుల మధ్య బ్రహ్మాండమైన తేడా కనిపించింది. అది జబ్బుల తేడా కాదు, మందుల తేడా అని తెలిసిన రోజు నేను అన్నం తినలేదు. ముక్కను పేగులో ఏ చోటు నుంచి తీశారు, పూసిన చోటా బాగున్న చోటా, అంతకుముందు ఏ మందు ఎన్నాళ్లు వాడారు అన్నవి నమూనా తీసిన రోజే రాయాలి. పొగతాగే అలవాటునూ తప్పక అడుగు. అది క్రోన్స్‌ను ముదరబెడుతుంది, అల్సరేటివ్ కొలైటిస్‌లో మాత్రం మానేసిన తరువాత జబ్బు బయటపడడం వింతగా కనిపిస్తుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పడుతుంది, చేరిన వారంలోనే దరఖాస్తు మొదలుపెట్టు. అంగీకార పత్రం కన్నడంతో పాటు తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి. చిత్తూరు, హోసూరు వైపు నుంచి వచ్చే రోగులకు అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించకు. రోజుకు ఎన్నిసార్లు విరేచనమవుతుందని పదిమందిలో అడిగితే ఆడవాళ్లు తగ్గించే చెబుతారు, పక్కకు పిలిచి అడుగు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. తరువాతి రోజుల్లో నేను వాడిన కేసు ఫారం ఒకటి తీసి ఉంచాను. మందుల గడికే సగం పేజీ కేటాయించాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ