భుజాలు అరిగినవాళ్ల ఇళ్లకు వెళ్లబోతున్న మా మేనకోడలికి

తిరుపతి

పాపా,

మీ నాన్న ఫోన్ చేశాడు. చెన్నైలో ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేస్తున్నావట. భుజం కీళ్లు అరిగిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు వాళ్లే మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స, చేస్తావట. వాడి గొంతు నిండా టెన్షనే. నాకు మాత్రం ముందు సంతోషం పట్టలేదు, తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో ఈ పని చేతపట్టింది నువ్వొక్కదానివే. ఫోన్‌లో చెప్తే సగం విని "సరే అత్తా" అంటావు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. డాక్టరు చీటీ, ఎక్స్‌రే చూడకుండా ఎవరి చెయ్యీ ముట్టుకోవద్దు. షుగర్ ఉందేమో అడుగు. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్, అంటే కీలు చుట్టూ ఉన్న పొర బిగిసి భుజం కదలకపోవడం, ఎక్కువగా వస్తుంది. అందులోనూ, అరుగుదలలోనూ చెయ్యి బయటికి తిరగడం తగ్గుతుంది కాబట్టి పట్టుకుని చూసి తేల్చేయకు. అరుగుదల ఎక్స్‌రేలో కనిపిస్తుంది, ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎముకలు దాదాపు మామూలుగానే ఉంటాయి. షుగర్ వాళ్లకు వేడి సరిగ్గా తెలియకపోవచ్చు, కాపడం సంచికి మందపాటి గుడ్డ చుట్టించు.

ఇంకో మాట. దీనికోసం నిన్ను విసిగిస్తూనే ఉంటాను. ఎవరైనా ఎడమ భుజం లాగుతోంది, చెమటలు పడుతున్నాయి, ఆయాసంగా ఉంది అంటే కీలు కదిలే కోణం కొలిచే గోనియోమీటర్ బయటికి తీయకు. 108కి ఫోన్ చెయ్. మీ తాతకు ఆ రాత్రి వచ్చింది భుజం నొప్పే అనుకుని ఇంట్లోవాళ్లు బామ్ రాసి పడుకోబెట్టారు. తెల్లారేసరికి ఆయన లేడు. అలాగే భుజం వేడిగా ఉబ్బి జ్వరం వచ్చినా, కింద పడ్డాక చెయ్యి ఉన్నట్టుండి లేవకపోయినా, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. "రేపు చూద్దాంలే అమ్మా" అంటారు, ఒప్పుకోకు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది మీ పెద్దత్త సంగతి. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. చిత్తూరులో ఆ ఇల్లంతా ఆమె చేతి మీదే నడిచేది. ఆమె గెలికిన సంగటిలో ఒక్క ఉండ కనపడేది కాదు. పూజగదిలో పటాలు తలకంటే ఎత్తున కొట్టించుకుని, రోజూ పొద్దున్నే మునివేళ్ల మీద నిలబడి ఒక్కో పటానికీ పూలు పెట్టేది. కుడి భుజం అరిగిందని తెలిశాక డాక్టరు కొన్నాళ్లు బరువులు ఎత్తవద్దన్నాడు. ఇంట్లోవాళ్లు దాన్ని ఏ పనీ చేయకూడదని అర్థం చేసుకున్నారు. మెడికల్ షాపులో స్లింగ్ కొనుక్కొచ్చి చెయ్యి మెడకు వేలాడదీశారు. నొప్పి కాస్త తగ్గినట్టు అనిపించింది. ఇక దాన్ని తీయనే లేదు.

కొడుకూ కోడలూ చెడ్డవాళ్లు కాదు పాపా. తల్లిని అంత ప్రేమగా చూసుకున్నవాళ్లను నేను అరుదుగా చూశాను. కోడలు జడ వేసేది, జాకెట్ హుక్కులు పెట్టేది, అన్నం కలిపి స్పూను వేసి ఇచ్చేది. పూలు కొడుకు పెట్టేవాడు. అమ్మ ఇన్నాళ్లు కష్టపడింది చాలు అనేదే వాళ్ల తాపత్రయం.

నేను వేలూరు నుంచి జాతరకు సెలవు పెట్టి వచ్చి చూసేసరికి చెయ్యి భుజం ఎత్తుకు కూడా రావడం లేదు. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది, వేళ్లు ఉబ్బి ఉన్నాయి. భుజం అరిగితే మోచెయ్యి బిగుసుకోదు కదా, నెలల తరబడి మడిచి పెట్టినందుకు బిగుసుకుంది. దానికంటే నన్ను భయపెట్టింది వేరే. "స్నానమైందా అక్కా" అంటే "కోడలికి ఇంకా తీరలేదే" అంది. చీర కట్టడానికి ఒకరిని పిలవాల్సి వస్తుందని పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఎప్పుడూ పది మందికి వడ్డించిన మనిషి, ఒక మూల కూర్చుని ఎవరు ఎప్పుడు ఖాళీ అవుతారా అని చూస్తోంది.

డాక్టరును అడిగి స్లింగ్ తీయించాం. ముందుకు వంగి, ఎడమచెయ్యి బల్లకు ఆనించి, కుడిచెయ్యి వదులుగా ఊపడం నేర్పాం. రెండు రోజులు ఊపి మానేసింది. ఎందుకు ఊపాలో ఆమెకు తోచలేదు. అప్పుడు అడిగాను, "నీకు ఏ పని చెయ్యాలని ఉంది అక్కా" అని. దేవుడికి పూలు పెట్టుకోవాలని ఉంది అంది. పటాలు ఛాతీ ఎత్తుకు దించమన్నాను. దేవుణ్ణి దించడమేంటని కొడుకు ఒప్పుకోలేదు. "నా దేవుడు, నా చేతికి అందాలి" అని ఆమే గట్టిగా చెప్పుకుంది. వేణ్ణీళ్ల స్నానమయ్యాక నొప్పి సడలుతుంది కదా, ఆ వేళకు మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి మొదటి వరుసకు పూలు పెట్టేది. కొన్నాళ్లకు పై వరుసకు పెట్టింది. చెయ్యి చెవి దాటి పైకి మళ్లీ రాలేదు. అరిగిన మృదులాస్థి తిరిగి పెరగదు, ఆ మాట ఎవరి దగ్గరా దాచకు. కాని చీర తనే కట్టుకుంది, మనవరాలి పెళ్లిలో కూర్చుని పూలదండలు కట్టింది.

అందుకే, ఇంట్లో అడుగు పెట్టగానే కోణాలు కొలవడం మొదలుపెట్టకు. నువ్వు చదువుకున్న కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్ 1991 నుంచీ అడుగుతున్నదీ ఇదే. నీకు ఏ పని ముఖ్యం, ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నావు, దాంతో ఎంత తృప్తి ఉంది, పదికి ఎన్ని వేస్తావు అని. ఆ ప్రశ్న కొడుకునో కోడలినో కాదు, ఆ మనిషినే అడుగు. వాళ్లు పక్కనుంచి జవాబు చెప్తారు. మంచినీళ్లు కావాలని లోపలికి పంపించు.

తర్వాత ఇల్లు చూడు. రోజూ వాడే గిన్నెలు నడుముకూ ఛాతీకీ మధ్య ఉన్న అరలోకి రావాలి. దండెం దించాలి. జాకెట్ తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. పడుకునేటప్పుడు నొప్పి లేని వైపు తిరిగి, నొప్పి చేతి కింద ఒక దిండు. బరువైన గిన్నెను ఎత్తకుండా గట్టు మీద జరపాలి. సంగటి గెలకాలని పట్టుబడితే వద్దనకు. తక్కువ పిండితో చిన్న గిన్నెలో, రెండు చేతులతో, ఇంకొకరు గిన్నె పట్టుకుంటే చేయనివ్వు. పొయ్యిగట్టు ఎత్తుగా ఉందని పీట ఎక్కనివ్వకు, జారితే తుంటి ఎముక పోతుంది. తలస్నానానికి చెంబు ఎత్తి పోసుకోవడమే చాలామందికి నరకం. రబ్బరు కాళ్ల స్టూలు, హ్యాండ్ షవర్ పెట్టించు. బాత్రూం గడప, తడి నేల నువ్వే స్వయంగా చూసుకో. పని చేశాక నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మర్నాడు ఆ పని తగ్గించాలి, మానకూడదు.

కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు వస్తే ఏ రకమో సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టకు. మామూలు రకంలో ముందువైపు కండరం కుట్టి ఉంటుంది. మొదటి వారాల్లో చెయ్యి బయటికి తిప్పకూడదు, ఆ చేత్తో కుర్చీ నొక్కి లేవకూడదు. కీలులో బంతి, గిన్నె స్థానాలు తారుమారు చేసి పెట్టే రివర్స్ రకంలో చెయ్యి వీపు వెనక్కి పోతే కీలు జారే ప్రమాదం ఉంది. మన ఆడవాళ్లు చీర వెనక దోపుకుంటారు, లంగా నాడా వెనక్కి తిప్పుకుంటారు. పుస్తకంలో ఇది ఉండదు, నువ్వే గుర్తుంచుకోవాలి.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మన వైపు తరతరాల అలవాటు. అరుగుదలకూ కట్టు కావాలని అడిగేవాళ్లు ఎదురవుతారు. నవ్వకు. విరిగిన ఎముక అతుక్కోవాలంటే కదలకూడదు, అరిగిన కీలు కదలకపోతే బిగుస్తుంది అని ఓపిగ్గా చెప్పు.

మీ నాన్న "ఇది కూడా ఒక వృత్తేనా" అన్నాడు. కోప్పడ్డాను. 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ మన దేశంలో ఈ చదువు మొదలుపెట్టిందని, 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మన వృత్తి ఉందని చెప్పాను. వాడి అసలు భయం అది కాదులే. కొత్తవాళ్ల ఇళ్లకు ఒక్కదానివే వెళ్తావని. ఆ భయం నాకూ ఉంది. మొదటిసారి వెళ్లే ఇంటికి నన్ను తీసుకెళ్లు, చీకటి పడ్డాక వెళ్లే పని పెట్టుకోకు. స్కూటీ మీద వెళ్లేటప్పుడు బ్యాగు ఒక భుజానికే తగిలించుకోకు, నీ భుజాలూ ముఖ్యమే.

ఇళ్లకు వెళ్లడమే కాక బైరాగిపట్టెడలో గది కూడా చూస్తున్నావని విన్నాను. అడ్వాన్సు ఇచ్చే ముందు నాకు చూపించు. మేడ మీద అయితే అద్దె ఎంత తక్కువైనా వద్దు. రెండు భుజాలూ నొప్పిగా ఉన్న మనిషి రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కలేదు.

మీ అత్త