నాలుగు వర్ణాలు ఋగ్వేదంలో మొదటి నుంచీ ఉన్నాయా?

ఋగ్వేదంలో నాలుగు వర్ణాలు ఒకేచోట కనిపించేది పదో మండలంలోని 90వ సూక్తమైన పురుషసూక్తంలో మాత్రమే. ఆ మండలంలో అధికభాగం తర్వాతి కాలానిదని చాలామంది పండితుల అభిప్రాయం. తొమ్మిదో మండలంలోని 112వ సూక్తంలో ఒక ఋషి తాను కవినని, తండ్రి వైద్యుడని, తల్లి రాతిమీద ధాన్యం నూరుతుందని ఏ సంకోచమూ లేకుండా చెప్పుకొంటాడు. వర్ణాల పుట్టుక గురించి మాట్లాడేవారు ముందుగా చదవవలసిన మంత్రం ఇదేనని నా నమ్మకం.

వర్ణానికొక విధి, శిక్ష అని విడదీసినవి తర్వాతి ధర్మసూత్రాలు, స్మృతులు. అవి కూడా అంతటా ఒకేలా అమలు కాలేదు. మన ఓరుగల్లునే చూడండి: కాకతీయులను కొన్ని శాసనాలు సూర్యవంశ క్షత్రియులని కీర్తించగా, మరికొన్ని చతుర్థ కులజులని, అంటే నాలుగో వర్ణమైన శూద్రులని, స్పష్టంగా పేర్కొన్నాయి, అయినా వారి రాజ్యాధికారానికి అది అడ్డు కాలేదు.