మార్టినెల్లి వీడియో గురించి టెన్షన్ వద్దండి

మీ గాజువాక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మార్టినెల్లి అనే వీడియో తెరిస్తే 10 సెకన్లలో ఫోన్ హ్యాక్, వెంటనే అందరికీ పంపండి" అని చదివి నాన్నగారు ఫోన్ స్విచ్చాఫ్ చేశారన్నారు కదా. హాయిగా ఆన్ చేసుకోమనండి. ఆ వీడియోనే లేదు. 2017 నుంచి దేశదేశాలు తిరుగుతున్న పుకారది.

మా బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపులోకీ వచ్చింది, పంపింది రిటైర్డ్ ఇంజినీరు గారే! స్మార్ట్‌ఫోన్లు రాకముందూ ఇదే వరస: ఫలానా కాల్ ఎత్తితే సిమ్ చెరిగిపోతుందని. ఎత్తినవాళ్లకు ఏమీ కాలేదు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉందేమో చూడండి, చాలా చేతులు మారిందని అర్థం.

అసలు భయపడాల్సింది ఏపీకే ఫైళ్లకు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లకు. ట్రాఫిక్ చలానా, పెళ్లి శుభలేఖ, బ్యాంక్ కేవైసీ అంటూ వాట్సాప్‌లో వస్తాయి. ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు వాళ్ల చేతికి పోవచ్చు. నాన్నగారు పొరపాటున నొక్కి ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఆ యాప్ తీసేయడం తర్వాత పని.

గ్రూపులో మాత్రం "ఇది అబద్ధం" అని ఒక్క ముక్క రాయండి. పెద్దవాళ్లున్నారు, కాస్త మెత్తగా.